నాలాకూ మార్కింగ్ వేయండి

పాతబస్తీ మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండ, అలియాబాద్ మీదుగా చాంద్రాయణగుట్ట దాకా రోడ్డును వంద అడుగులకు పెంచుతున్నారు. ఎంజీబీఎస్ నుంచి లెక్క కడితే ఏడున్నర కిలోమీటర్లు. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. 2025 జనవరి నుంచి పరిహారం చెక్కులు చేతికొచ్చాయి. మార్కింగ్ పడిన గోడలు ఒక్కొక్కటిగా కూలాయి. ఈ దారి పొడవునా గుళ్లు, మసీదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, పాత కట్టడాలు వందకు పైగా ఉన్నాయి. వాటిని తాకకుండా రోడ్డు వంపుల్లో, పిల్లర్ల చోట్లలో మార్పులు చేస్తామని మెట్రో అధికారులు మొదట్నుంచీ చెబుతున్నారు. ఇది చాలా మంచి మాట. ఒక పిల్లరును కొద్ది అడుగులు పక్కకు జరపాలన్నా పునాది, పైన పట్టాల వంపు, పక్క పిల్లర్ల దూరం అన్నీ మళ్లీ లెక్క వేసుకోవాలి. మనుషుల నమ్మకాన్ని గౌరవించి ఇంజినీర్లు అంత పని నెత్తిన వేసుకున్నారు.

అంతే శ్రద్ధ ఇదే రోడ్డును అడ్డంగా దాటే నీటికీ దక్కాలి. ఈ కథనం అడిగేది అదొక్కటే.

ఈ రోడ్డు పక్కనే ఉన్న లాల్‌దర్వాజా వాళ్లకు నీరు ఎటు నుంచి వస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. దక్షిణాన ఫలక్‌నుమా గుట్ట, ఉత్తరాన మూసీ. నడుమ ఉన్నదంతా వాలే. గుట్ట మీద పడ్డ వాన ఛత్రినాక, ఉప్పుగూడ, లలితాబాగ్ పల్లాలకు దిగి ముర్కినాలాను పట్టుకొని మూసీకి పోవాలి. గట్టి వాన పడితే ఈ బస్తీల్లో మోరీ ఏదో గల్లీ ఏదో తెలియదు. కింది గదుల్లో బియ్యం డబ్బాలు మంచమెక్కుతాయి, బండ్లు ఎత్తు గల్లీ చూసుకొని పోతాయి. వచ్చే నీళ్లు గుట్టవి మాత్రమే అయితే ఒక పూటతో పోయేది. గుట్ట వెనక జల్‌పల్లి, ఉందాసాగర్, పల్లెచెరువు, గుర్రంచెరువు ఉన్నాయి. ఒకటి నిండి అలుగు పోస్తే కిందిది నిండే గొలుసుకట్టు చెరువులు ఇవి. వాటి శిఖం భూముల్లో కాలనీలు లేచాయి, వాటిని కలిపే కాలువలు మోరీలయ్యాయి. చార్మినార్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా పోయే రోడ్డు చాంద్రాయణగుట్ట దాటాక శ్రీశైలం జాతీయ రహదారి అవుతుంది. ఆ దారికి అటూ ఇటూ ఉన్నవి ఈ చెరువులే. ఇక్కడ రోడ్డు వెడల్పు పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక నీటి దారి మీద బరువు పడుతుంది.

2020 అక్టోబరు 13 రాత్రి ఆ బరువు ఎంతో తెలిసింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. పల్లెచెరువు కట్ట తెగి అలీనగర్, అల్‌జుబైల్ కాలనీ మునిగాయి. ఆ నీళ్లు ఫలక్‌నుమా, ఛత్రినాక, ఉప్పుగూడల మీదుగా పల్లానికి దిగాయి. వరదలో మనుషులు కొట్టుకుపోతున్న వీడియోలను దేశమంతా చూసింది. తేరుకునేలోపే, 17వ తేదీ రాత్రి బాలాపూర్ గుర్రంచెరువుకు గండి పడింది. హఫీజ్‌బాబానగర్‌లో ఇళ్లకు ఇళ్లే నీళ్లలో నిలబడ్డాయి. చెరువు తెగడం ఒక ఎత్తు. తెగిన నీటికి పోయే దారి లేకపోవడం ఇంకొక ఎత్తు. నీళ్లు తగ్గడానికి కొన్ని గల్లీల్లో రోజులు పట్టింది.

ఇప్పుడు పెంచుతున్న రోడ్డుకే ఆ వానను లెక్క కట్టి చూద్దాం. ఏడున్నర కిలోమీటర్ల పొడవు, వంద అడుగుల వెడల్పు అంటే సుమారు 23 హెక్టార్లు. దాని మీద 19 సెంటీమీటర్ల వాన కురిస్తే నాలుగు కోట్ల 30 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఎనిమిదిన్నర వేలు నిండుతాయి. మట్టి నేల అయితే ఇందులో కొంత తాగుతుంది. తారు, సిమెంటు చుక్క కూడా తాగవు. పడ్డదంతా నిమిషాల్లో పక్క మోరీకి చేరుతుంది. ఎగువ నుంచి ఈ రోడ్డుకు వచ్చే నీరు ఈ లెక్కలో లేదు, ఇది రోడ్డు సొంత వాన మాత్రమే.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాగుకు జరిగే నష్టం పైకి కనపడదు. పాత రోడ్డు కింద ఒక పైపు కల్వర్టు ఉంటుంది. దాన్ని వేసిన రోజుల్లో పైన పొలాలో ఖాళీ జాగాలో ఉండేవి, వచ్చే నీళ్లకు ఆ గొట్టం సరిపోయింది. వెడల్పు పనిలో చాలాచోట్ల ఆ పైపుకే అటు రెండు, ఇటు రెండు జతచేసి పొడుగు చేస్తారు. నోరు అంతే, పొడవు పెరిగింది. పైన బస్తీ వచ్చింది కాబట్టి నీళ్లు బాగా పెరిగాయి. పొడుగు పైపులో నీటి వేగం తగ్గి పూడిక పేరుకుంటుంది, మనిషి దూరి తీయలేడు. తారు పొర మీద పొర పడి రోడ్డు ఎత్తు పెరుగుతుంది. పదేళ్లు తిరిగేసరికి ఆ రోడ్డే వాగుకు అడ్డంగా కట్టిన చెరువుకట్ట అవుతుంది. కట్టకు ఉండే అలుగు మాత్రం దీనికి ఉండదు. చిన్న వంతెనలు, కల్వర్టుల కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు ప్రత్యేకంగా ఉన్నాయి. పరీవాహకం ఎంత, వాన ఎంత, అందులో పారేది ఎంత అని లెక్కగట్టి కల్వర్టు నోరు తేల్చమంటాయి. ఆ లెక్కను ఈనాటి బస్తీని చూసి వేశారా, పాత కాగితం చూసి వేశారా అన్న దగ్గరే అసలు కథ ఉంటుంది.

పాతబస్తీలో నాలా మీద వేసిన ఏ స్లాబు దగ్గరైనా ఒకసారి వంగి చూడండి. ముందు ఇనుప జాలీ, దానికి చిక్కుకున్న కొబ్బరి పీచు, థర్మోకోల్ ముక్కలు, చిరిగిన పరుపు. జాలీ వెనక మురుగు పైపు ఒకటి నాలా గోడను తొలుచుకొని వస్తుంది, దాని పైన తాగునీటి పైపు, దాని మీదుగా కేబుళ్ల కట్ట. ఒక్కో శాఖ ఒక్కోసారి వచ్చి నాలా పొట్టలోంచి తన పైపు లాక్కుపోయింది. స్లాబు అడుగున నీటికి మిగిలిన సందు చేతి జానల్లో కొలవచ్చు. రికార్డుల్లో మాత్రం ఆ నాలా వెడల్పు పాతదే ఉంటుంది. పిల్లరు పునాది కోసం ఇప్పుడు ఈ పైపులన్నీ ఎలాగూ తీసి పక్కకు జరుపుతున్నారు. నాలా పొట్ట ఖాళీ చేసే అవకాశం ఇంతకంటే మంచిది మళ్లీ యాభై ఏళ్లకు గానీ రాదు.

పాతబస్తీకి నీటి భయం కొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తి పదిహేను వేల మందిని మింగింది. మహారాజా కిషన్‌పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారిని మొక్కి, మూసీకి పసుపు కుంకుమలు, పట్టుచీర సమర్పించాడని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఏటా బోనాల మరునాడు పాతబస్తీ ఘటాలు నయాపూల్ దగ్గర మూసీ ఒడ్డుకే చేరతాయి. వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది ఒడ్డును మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎగువ పరీవాహకమంతా లెక్క తీయించారు. 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. అంటే నగరాన్ని ముంచింది ఒక్క నది కాదని, పైనున్న చెరువుల గొలుసు తెగడమూ కారణమని ఆయన గ్రహించారు. ఆ ఆలోచన నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పుట్టాయి. నూట పదేళ్ల కింద చేసిన పని అది. చేతిలో డ్రోన్లు, ఉపగ్రహ చిత్రాలు ఉన్న ఈ రోజుల్లో, ఒక్క ఏడున్నర కిలోమీటర్ల రోడ్డుకు ఎగువ నీటి లెక్క తీయలేమంటే ఎవరు ఒప్పుకుంటారు?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2012లో వచ్చిన 168 నంబరు జీవో పది హెక్టార్లకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు, పది మీటర్లు దాటిన నాలాకు 9 మీటర్లు, అంతకంటే సన్నదానికి 2 మీటర్లు వదలమంది. ఇల్లు కట్టుకునేవాడికి పెట్టిన ఈ కొలతకు రోడ్డు వేసే శాఖలూ కట్టుబడాలి. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు ఇంకా గట్టివి. వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు శాశ్వత కట్టడమే వద్దంటాయి. కానీ తాగునీటికీ సాగుకూ మనుషులు కట్టుకున్న చెరువులు ఆ నిర్వచనంలోకి రావని వాటిలోనే రాశారు. తెలంగాణలో ఏ చెరువు మనిషి కట్టనిది? కాకతీయుల నుంచి నిజాముల దాకా మనవాళ్లు కట్టుకున్నవే ఇక్కడి చిత్తడి నేలలు. కట్ట దిగువన ఊరే నేలలో తుంగ పెరుగుతుంది, కొంగలు దిగుతాయి, వాన నీరు నింపాదిగా భూమిలోకి ఇంకుతుంది. సాగు కోసం తవ్వారన్న ఒక్క కారణంతో వాటిని ఆ కాపుదల నుంచి తప్పించడం అన్యాయం.

మీరాలం చెరువునే తీసుకోండి. 1804లో దివాన్ మీర్ ఆలం మొదలుపెట్టించగా 1806లో పూర్తయింది. 21 అర్ధచంద్రాకారపు రాతి కమానులు పక్కపక్కన నిలబడి, నీటి ఒత్తిడిని ఒకదాని నుంచి ఇంకొకదానికి పంచుకునే ఆనకట్ట. రెండు వందల ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. ఉస్మాన్‌సాగర్ వచ్చేదాకా పాతబస్తీ దాహం తీర్చింది ఇదే. దాని పక్కనుంచే బెంగళూరు జాతీయ రహదారి పోతుంది. జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ 2025 జనవరిలో తెరిచారు. ఇప్పుడు శాస్త్రిపురం వైపు నుంచి చింతల్‌మెట్‌కు చెరువు మీదుగా రెండున్నర కిలోమీటర్ల వంతెన తలపెట్టారు. చెరువును మట్టితో పూడ్చి రోడ్డు వేయడంతో పోలిస్తే వంతెన వెయ్యి రెట్లు నయం, నీళ్లు కింద నుంచి పోతాయి. ప్రమాదమంతా కట్టే రోజుల్లోనే ఉంది. పిల్లర్లు దించే యంత్రాలు నీళ్లలోకి వెళ్లడానికి మొరం పోసి బాటలు వేస్తారు. పని అయ్యాక ఆ మొరాన్ని చివరి తట్ట దాకా ఎత్తిపోయాలి. అలా చేయకపోతే చెరువు అడుగు శాశ్వతంగా లేచిపోతుంది. 2020 అక్టోబరులో మీరాలం పొంగి జూ సఫారీ పార్కులోకి నీళ్లు వచ్చాయి. నిలవ తగ్గిన చెరువు ఈసారి ఇంకా చిన్న వానకే అటు దొర్లుతుంది. కాబట్టి పనికి ముందు చెరువు లోతు కొలిచి, పని అయ్యాక మళ్లీ కొలిచి, తేడా లేదని తేలాకే కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇవ్వాలి.

రోడ్డు గీత ఒకసారి గీశాక మారదన్న మాట నిజం కాదు. హైదరాబాద్-బీజాపూర్ రహదారి వెడల్పు పనుల్లో మొయినాబాద్, చేవెళ్ల మర్రిచెట్లు తొమ్మిది వందలకు పైగా పోతాయని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు పట్టింది. చివరకు చెట్లలో ఎక్కువ భాగం ఉన్న చోటే ఉండేలా రోడ్డును సవరించారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. చొంగ్యేచొన్ అనే వాగును కప్పేసి దాని మీద ఎత్తైన ఎక్స్‌ప్రెస్‌వే కట్టుకున్నవాళ్లు, 2003లో ఆ ఎక్స్‌ప్రెస్‌వేనే కూల్చి 2005 కల్లా దాదాపు ఆరు కిలోమీటర్ల వాగును మళ్లీ పారించారు. మనం కూల్చనక్కర్లేదు. ఇంకా పని నడుస్తున్న చోటే ఉన్నాం.

చేయాల్సినవి ఇంజినీర్లకు తెలియనివేం కావు. పాత పైపును పొడిగించడం మానేసి, ఈనాటి వానకు సరిపడే బాక్స్ కల్వర్టు కట్టాలి. దాని అడుగును వాగు అడుగు కంటే కాస్త లోతుగా దించాలి, అప్పుడు ఎండాకాలపు సన్నటి పారకం కూడా ఆగదు. కల్వర్టులన్నీ జనవరి నుంచి మే లోపు తెరిచి మూయాలి, జూన్‌లో నాలాను సగం తవ్వి వదిలితే బస్తీని మనమే ముంచినట్టు. కూల్చిన ఇళ్ల మలబాను ఏ కుంట పక్కకో లారీల్లో తోలకుండా ఫతుల్లాగూడ వంటి శుద్ధి కేంద్రాలకే పంపాలి, లారీ లారీకి రసీదు ఉండాలి. తవ్విన మట్టి కుప్పల చుట్టూ అడ్డు కట్టాలి, లేకపోతే తొలి వానకే అదంతా నాలాలో చేరుతుంది. 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా శివరాంపల్లిలో బుమ్‌రుక్నుద్దౌలా చెరువును ఆక్రమణల నుంచి విడిపించి మళ్లీ నీళ్లు నింపింది. పోయిందనుకున్న చెరువునే తెచ్చుకోగలిగినప్పుడు, ఉన్న నాలాను కాపాడుకోవడం చేతకాదని ఎవరూ అనలేరు.

ఇంకొకటి, ఖర్చులేని పని. పనులు జరిగే ప్రతి చోటా బోర్డు పెడతారు. దాని మీద పని విలువ, గడువు, కాంట్రాక్టరు పేరు ఉంటాయి. అదే బోర్డు మీద ఇక్కడ దాటే నాలా పేరు, అది ఏ చెరువు నుంచి వస్తుంది, పాత కల్వర్టు నోరు ఎన్ని అడుగులు, కొత్తది ఎన్ని అడుగులు అన్నవి తెలుగులో, ఉర్దూలో రాయాలి. ఇళ్లకు మార్కింగ్ వేసేటప్పుడు అధికారులతో పాటు టేపు పట్టుకొని నిలబడ్డవాళ్లు ఈ బస్తీల వాళ్లే. శాలిబండ నుంచి అలియాబాద్ దాకా ప్రతి కల్వర్టును వాళ్లే కొలిచి సరిచూసుకుంటారు.