కామెర్ల వెనుక దాగిన వైరస్: వులిమిరి రామలింగస్వామి, ఆయన తరం పేథాలజీ

1955 వర్షాకాలపు వరదల తరువాత యమున పాయ మార్చుకుంది. నజఫ్‌గఢ్ నాలా మురుగు వెనక్కి తన్ని, ఢిల్లీకి మంచినీరు తోడే వజీరాబాద్ పంపుహౌసు దగ్గరికి చేరింది. నీటిశుద్ధి అధికారులకు సంగతి తెలియకపోలేదు. పటికనూ క్లోరిన్‌నూ మామూలు మోతాదును మించి కలిపారు. టైఫాయిడ్, రక్తవిరేచనాలు పెరగలేదు కనుక గండం గడిచిందనే అనుకున్నారు. డిసెంబరులో నగరం మీద పచ్చకామెర్లు విరుచుకుపడ్డాయి. ఆరేడు వారాల్లో సుమారు 29,300 మందికి కామెర్లు సోకినట్లు లెక్కతేలింది. బాక్టీరియాను చంపిన క్లోరిన్ వైరస్‌ను ఆపలేకపోయింది.

రోగుల్లో ఎక్కువమంది పడుచువయసు వారు. చాలామంది కోలుకున్నారు. గర్భిణులు మాత్రం ఇతరులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయారు. అప్పటికి వైద్యులకు తెలిసిన వైరల్ కామెర్లు రెండే రకాలు: నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చేది ఒకటి, రక్తం ద్వారా వచ్చేది మరొకటి. ఢిల్లీది మొదటి రకమని తీర్మానించి పుస్తకాలకెక్కించారు. ఆ తీర్మానం పాతికేళ్ళు చెక్కుచెదరలేదు.

అయితే సూక్ష్మదర్శిని కింద ఒక సాక్ష్యం అప్పుడే కనబడింది. ఆ రోగుల కాలేయపు ముక్కలను పరిశీలించిన గుప్తా, స్మెటానా అనే పేథాలజిస్టులు 1957లో ఒక విశేషాన్ని వర్ణించారు. కొందరిలో మామూలు హెపటైటిస్ లక్షణాలే ఉన్నాయి. మరికొందరిలో పైత్యరసం సన్నని నాళికల్లో గడ్డకట్టి, దాని చుట్టూ కాలేయకణాలు గ్రంథుల ఆకారంలో వలయాలు కట్టి ఉన్నాయి. ఇది వేరే వ్యాధి అనడానికి ఆ ఆధారం చాలదు. పేథాలజిస్టుకు కనిపించేది ఇల్లు కాలిన తీరే కాని నిప్పు పెట్టినవాడు కాదు. వైరస్‌ను చూపగల పనిముట్లు అప్పటికి లేవు.

పేథాలజీకున్న ఈ పరిమితిని గుర్తెరిగి, దానిని దాటే దారి వెతికిన తెలుగువాడు వులిమిరి రామలింగస్వామి. 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తిచేశారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ నుంచి డాక్టరేటు పొందారు. ఉద్యోగపర్వం కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో మొదలైంది. 1958లో ఆ సంస్థే హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1957లో ఆయన ఢిల్లీలో కొత్తగా వెలసిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పేథాలజీ ఆచార్యులుగా చేరారు. 1969 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టరు, ఆపైన 1986 దాకా భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి.

పదవుల జాబితా కన్నా ఆయన పనిచేసిన తీరు ముఖ్యం. శవపరీక్ష బల్ల దగ్గర నేర్చిన చూపును ఆయన ఊళ్ళకు తీసుకుపోయారు. హిమాలయపు కాంగ్రా లోయలో గొంతుకింద కాయలతో తిరిగే జనం ఎక్కువ. 1956లో దాదాపు లక్షమంది ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విభజించి రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును సరఫరా చేశారు. మొదట్లో అన్నిచోట్లా గాయిటర్ సుమారు 38 శాతం. 1962 నాటికి అయొడిన్ అందిన మండలాల్లో సగానికి, ఒకచోట అంతకన్నా తక్కువకు దిగింది. అందనిచోట 40 శాతం దగ్గరే నిలిచింది. ఆ తరువాత మూడవ మండలానికీ అయొడిన్ ఉప్పునే ఇచ్చారు. ఆరేళ్ళపాటు ఒక మండలాన్ని అలా వదిలివేయడాన్ని ఈనాటి నైతిక సంఘం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. ఆ పోలిక లేనిదే దేశవ్యాప్త గాయిటర్ నివారణ పథకానికి అంత గట్టి పునాది దొరికేది కాదన్నదీ నిజమే.

కాలేయం మీద ఆయన శ్రద్ధ జీవితాంతం సాగింది. ఎన్.సి. నాయక్‌తో కలిసి, సిర్రోసిస్ లేకుండానే కాలేయపు ద్వారసిరలు మూసుకుపోయే వ్యాధిని 1969లో వర్ణించారు. రక్తపు వాంతితో వచ్చే రోగి తాగుబోతు కాకపోవచ్చునని, కాలేయం గట్టిపడకపోయినా ప్లీహం పెరగవచ్చునని మా తరం వైద్యులు నేర్చుకున్నది ఆ పరిశోధనల చలవే.

ఇక కామెర్ల చిక్కుముడి. 1973లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ హెపటైటిస్-ఎ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూపారు. ఆ వెంటనే దానికి రక్తపరీక్షలూ వచ్చాయి. అప్పుడొక సందేహం పుట్టింది. భారతదేశంలో దాదాపు అందరికీ పసితనంలోనే హెపటైటిస్-ఎ సోకి, జీవితకాలపు రక్షణ ఏర్పడుతుంది. అటువంటప్పుడు పెద్దవాళ్ళను కూలదోసే మహమ్మారి అదే వైరస్ వల్ల ఎలా వస్తుంది? 1980లో వాంగ్, పర్సెల్, పుణే వైరాలజీ సంస్థకు చెందిన శ్రీనివాసన్, ప్రసాద్, పావ్రీ కలిసి, దాచి ఉంచిన ఢిల్లీ రోగుల రక్తరసిని తరువాతి మహమ్మారుల నమూనాలతోపాటు పరీక్షించారు. ఎ గాని బి గాని కొత్తగా సోకిన ఆనవాళ్ళు వాటిలో లేవు. అదే ఏడాది, 1978 నాటి కశ్మీరు మహమ్మారిని ఇల్లిల్లూ తిరిగి అధ్యయనం చేసిన ఖురూ కూడా స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చారు. సోవియట్ వైరాలజిస్టు బలయాన్ రోగుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే మింగి, కామెర్లు తెచ్చుకొని, తన మలంలోనే వైరస్ కణాలను చూపి 1983లో ప్రకటించాడు. సాహసమనాలో మూర్ఖత్వమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. 1988లో రామలింగస్వామి, పర్సెల్ కలిసి లాన్సెట్ పత్రికలో ఈ నీటి వ్యాధి గురించి సమీక్ష రాశారు. పేథాలజీ, వైరాలజీ ఒకే వ్యాసంలో కలుసుకున్నాయి. 1990లో వైరస్ జన్యువును పట్టుకున్నారు. దాని పేరే హెపటైటిస్-ఇ.

రోగాన్ని చూడడానికీ కారకానికి పేరు పెట్టడానికీ మధ్య పట్టిన కాలం దాదాపు మూడున్నర దశాబ్దాలు. 2020 జనవరిలో కోవిడ్ వైరస్ జన్యుక్రమం వెలువడింది. ఫిబ్రవరి చివరిలో, మా రెడ్‌మండ్‌ను ఆనుకొని ఉన్న కర్క్‌లాండ్‌లో వృద్ధులు మరణించడం మొదలయ్యేనాటికే వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు వైరాలజీ ప్రయోగశాలలో కీత్ జెరోమ్, అలెక్స్ గ్రెనింజర్ సొంత పరీక్షను తయారుచేసి పెట్టుకున్నారు. ఇద్దరూ వైద్యులూ శాస్త్రజ్ఞులూ. కావలసిందల్లా ప్రభుత్వ అనుమతి. ఫిబ్రవరి 29న నిబంధనలు సడలిన కొద్దిరోజులకే పరీక్షలు మొదలయ్యాయి. ఈసారి జాప్యం కాగితాలది.

హెపటైటిస్-ఇ చరిత్ర ఇప్పటి పాఠకుడికెందుకంటే, ఇక్కడి తెలుగు కుటుంబాల్లో గర్భిణులు ఇండియా ప్రయాణానికి ముందు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: “హెపటైటిస్ టీకాలన్నీ వేయించుకున్నానండీ, ఇంకేం భయం లేదు కదా?” ఎ, బి టీకాలు ఇ నుంచి కాపాడవు. అమెరికాలో ఇ రకానికి టీకా దొరకదు. అమెరికాలో ఎక్కువగా కనిపించే జన్యురూపం పందుల నుంచి వచ్చేది, సాధారణంగా తేలికగా పోతుంది. మన దేశంలో నీటి ద్వారా వచ్చేది వేరే జన్యురూపం. చివరి మూడు నెలల్లో అది సోకిన గర్భిణుల్లో మరణాలు 20 శాతం దాకా, ఒక్కొక్కచోట అంతకు మించీ నమోదయ్యాయి. కాచి చల్లార్చిన నీళ్ళు, మూత తీయని సీసా నీళ్ళు, ఐసు ముక్కలకు దూరంగా ఉండడం: ప్రస్తుతానికి ఉన్న మందు ఇంతే.

మరొకటి. పచ్చకామెర్లకు పసరు తాగించడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. ఎ అయినా ఇ అయినా ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గిపోతుంది కనుక పేరు పసరుకు దక్కుతుంది. నేల ఉసిరి మీద నాకేమీ కోపం లేదు. కాని నెలలు నిండుతున్న అమ్మాయికి కళ్ళు పచ్చబడితే, పసరు కోసం ఎదురుచూసే మూడు రోజుల్లోనే ఆమె మగతలోకి, అక్కడినుంచి స్పృహ తప్పే స్థితిలోకి జారిపోవచ్చు.

గర్భిణుల్లోనే ఈ వైరస్ ఇంత ఉగ్రరూపం ఎందుకు దాలుస్తుందో ఇప్పటికీ తేలలేదు. హార్మోన్ల మార్పు, రోగనిరోధక శక్తిలో మార్పు, పోషకాహార లోపం: మూడింటికీ ఆధారాలున్నాయి, ఏ ఒక్కటీ పూర్తి జవాబు కాదు. పోషకాహార లోపంతో పరిశోధన మొదలుపెట్టి కాలేయం దగ్గరికి వచ్చిన రామలింగస్వామికి సరిగ్గా తగిన ప్రశ్న ఇది. ఆయన 2001 మే 28న ఢిల్లీలో కన్నుమూశారు. ఆ తరువాత పదేళ్ళకు, 2011లో, చైనా హెపటైటిస్-ఇ టీకాకు అనుమతి ఇచ్చింది. మహమ్మారిని ఎదుర్కోవడానికి దానిని మొదటిసారి వాడింది 2022లో, దక్షిణ సూడాన్‌లోని బెంటియు నిరాశ్రయుల శిబిరంలో. మూడు మోతాదుల ఆ టీకాను అక్కడ గర్భిణులకూ వేశారు.