తాయ్ చీలో పడగొట్టే పట్లు ఎందుకున్నాయి?

నెమ్మదిగా చేతులు కదిపే చైనా సాధన తాయ్ చీని చూస్తే అది కుస్తీకి చుట్టమని ఎవరూ అనుకోరు. కానీ దాని భంగిమల్లో చాలావాటిలో మనిషిని పడగొట్టే పట్టు దాగి ఉంది. ‘అడవి గుర్రం జూలు పాయ తీయడం’ అనే భంగిమనే చూడండి. ఎదుటివాడు గుద్దబోతే ఒక చేత్తో అతని మణికట్టు పట్టి కిందికి లాగాలి. అదే సమయంలో మన ముందుకాలు అతని కాలి వెనక్కి, రెండో చెయ్యి అతని చంక కిందుగా ఛాతీకి అడ్డంగా చేరాలి. ఇక నడుము తిప్పితే అతను వెల్లకిలా పడతాడు. ఎందుకంటే గరిమనాభి, అంటే ఒంటి బరువు కేంద్రం, పాదాల మధ్య జాగా మీద ఉన్నంతసేపే ఎవరైనా నిలబడగలరు. వెనక్కి తూలితే ఒక అడుగు వేసి నిలదొక్కుకుంటారు. ఇక్కడ అతని ఆ అడుగుకే మన కాలు అడ్డం.

ఇవన్నీ తర్వాత అంటగట్టిన అర్థాలేమో అనిపించవచ్చు. కానీ 16వ శతాబ్దంలో చైనాను ఏలిన మింగ్ వంశపు సేనాని చీ జీగ్వాంగ్ సైన్య శిక్షణ గ్రంథంలో 32 పోరాట భంగిమలున్నాయి. హెనాన్‌లోని చెన్‌జియాగోవ్ గ్రామపు తాయ్ చీలో వాటి పేర్లు చాలా కనిపిస్తాయి. ప్రపంచం ఎక్కువగా చూసింది మాత్రం 1956లో చైనాలో ఆరోగ్యం కోసం రూపొందించిన 24 భంగిమల తేలిక వరసను. మరి అంత నెమ్మది పోరులో పనికొస్తుందా? ఈ అభ్యంతరంలో నిజముంది: ఒంటరి సాధనతోనే ఎవరినీ పడగొట్టలేం. బరువు ఒక కాలి నుంచి మరో కాలికి ఎలా మారుతుందో ఒంటికి తెలియడానికే ఆ నెమ్మది. అసలు పరీక్ష ‘తుయ్ షౌ’ సాధనలో ఉంది. ఇద్దరూ ముంజేతులు ఆనించుకుని, అవతలివారి తోపును స్పర్శతోనే పసిగట్టి, ఎదురొడ్డకుండా పక్కకు మళ్లించి, తూలిన క్షణంలోనే పడేస్తారు.