పి.హెచ్‌.డి. అయ్యాక మళ్ళీ చదువా?

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుండగా, మందమర్రి క్వార్టర్స్ నుండి వచ్చే ఒక తల్లి నన్ను చెట్టు కింద ఆపింది. "డాక్టరమ్మా, మా బిడ్డకు పి.హెచ్‌.డి. అయిపాయె. ఇప్పుడు మళ్లా ఇంకో రెండేండ్లు ఏదో పోస్టు డాక్టరు అంటున్నది. ఈ సదువులు ఎప్పటికి ఒడుస్తయి?" అని అడిగింది. పక్కనే ఆమె భర్త కర్ర పట్టుకొని నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా బాయిలో పని చేసి రిటైరైన మనిషి. షుగర్ వచ్చి చాలా కాలమైంది. రెండేళ్ళ క్రితం కొత్త బూటు ఒరుసుకొని కాలికి బొబ్బ లేచింది. స్పర్శ లేనందున ఆయనకు తెలియలేదు. తెలిసేసరికి ఎడమ బొటనవేలు తీసివేయవలసి వచ్చింది. ఆ కుటుంబం అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నారు.

ఆ తల్లి అడిగిన ప్రశ్న మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉన్నదే. పిల్లలు బి.టెక్‌., ఎం.టెక్‌. దాటి పరిశోధన వరకు వెళ్తున్నారు గాని, ఆ తరువాతి మెట్టు ఏమిటో చెప్పేవారు లేరు. అందుకే ఈసారి ఈ పేజీలో మందుల సంగతికి బదులు దీని గురించి వ్రాద్దామనుకున్నాను. చివరికి ఇదీ మన కాళ్ళ దగ్గరికే వస్తుంది.

పోస్ట్ డాక్టరల్ అంటే మరో డిగ్రీ కాదు. పరీక్షలుండవు, పట్టా ఉండదు. పి.హెచ్‌.డి. పూర్తయినవారు ఒక ప్రొఫెసర్ దగ్గర రెండు మూడేళ్ళపాటు నెలనెలా భృతి తీసుకుంటూ చేసే పరిశోధన ఉద్యోగం. డాక్టరు పట్టా వచ్చాక ఇంటర్నులా కాక, సొంతంగా కేసులు చూస్తూనే పెద్ద డాక్టరు నీడలో ఉండే కాలం లాంటిదని ఆ తల్లికి చెప్పాను. "జీతం ఇస్తరు గదా?" అంది. ఇస్తారు. ఆమె ముఖంలో సగం దిగులు అక్కడే పోయింది.

బయోమెడికల్ ఇంజనీరింగ్ అంటే రోగి శరీరానికీ యంత్రానికీ మధ్య జరిగే పని. ఇ.సి.జి. యంత్రం, వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు, కృత్రిమ కాలు, గుండెలో వేసే స్టెంట్ అన్నీ దీని కిందికి వస్తాయి. మన రాష్ట్రంలో దీనికి చరిత్ర ఉంది. 1990లలో హైదరాబాదులో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు, గుండె వైద్యులు డాక్టర్ బి. సోమరాజు గారు కలిసి తక్కువ ఖర్చులో స్టెంట్ తయారు చేశారు. నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణులకు వాడే తేలికైన పదార్థంతో సుమారు 300 గ్రాముల కాలిపర్లు చేయించారు కలాం గారు. అంతకు ముందే, 1990 డిసెంబరులో, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో మన దేశంలోనే తయారైన గుండె కవాటాన్ని మొదటిసారి రోగికి అమర్చారు.

అయితే మిషన్ ఆసుపత్రిలో పనిచేసే నాకు వీటన్నిటికన్న దగ్గరగా అనిపించేది డాక్టర్ పాల్ బ్రాండ్ గారి కథ. ఆయన 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి ఎముకల డాక్టరుగా వచ్చారు. మరుసటి సంవత్సరం చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రి చూడడానికి వెళ్ళారు. కుష్ఠు వస్తే వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో వైద్యులు కూడా నమ్మేవారు. (మన వైపు పెద్దలు డిచ్‌పల్లి ఆసుపత్రిని ఎరుగుదురు. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు మొదలుపెట్టినది. అక్కడ సేవ చేసినవారూ ఆ మాట వింటూ పనిచేసినవారే.) బ్రాండ్ గారు పరీక్షించి చూస్తే, మాంసంలో కుళ్ళు లేదు. పోయింది నొప్పి. నొప్పి తెలియని చేయి వేడి గిన్నెను పట్టుకుంటుంది, నొప్పి తెలియని కాలు మేకు మీద నడుస్తుంది. గాయానికి విశ్రాంతి ఇవ్వదు. అలా కొంచెం కొంచెంగా పోతుంది.

ఈ సంగతి తెలిశాక చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. కాళ్ళకు మాత్రం కత్తి కన్న చెప్పు ముఖ్యమని గ్రహించారు. వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో సన్నని గాలి గదులున్న మెత్తని రబ్బరుతో చెప్పులు చేయించారు. ఎం.సి.ఆర్‌. చెప్పులని మనం షుగర్ రోగులకు వ్రాసి ఇచ్చేవి అవే. లెక్క చాలా సులువు. మనిషి బరువు తగ్గదు గాని, ఆ బరువు బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్ళంత చోట పడకుండా పాదమంతటికీ పరచవచ్చు.

1966లో ఆయన అమెరికాలోని లూసియానా రాష్ట్రం, కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ ఇంజనీర్లను కూర్చోబెట్టి ఒక పెద్ద ప్రయత్నం చేశారు. పోయిన నొప్పికి బదులు కృత్రిమ నొప్పి తయారు చేద్దామని. చేతి తొడుగుల్లో, చెప్పుల్లో ఒత్తిడిని కొలిచే చిన్న పరికరాలు పెట్టారు. ఒత్తిడి మితిమీరితే శబ్దం వచ్చేది. రోగులు ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు. చంక దగ్గర చిన్న కరెంటు షాకు వచ్చేలా మార్చారు. అప్పుడు రోగులు ఏం చేశారంటే, ప్రమాదమైన పని చేయవలసి వచ్చినప్పుడల్లా స్విచ్ ఆపేసి, ఆ పని ముగించుకొని, మళ్ళీ స్విచ్ వేసుకునేవారు! దేవుడు మన శరీరంలో పెట్టిన నొప్పికి స్విచ్ మన చేతిలో లేదు. ఆ ప్రయత్నాన్ని చివరికి మానుకున్నారు. ఈ ఓటమిని దాచకుండా బ్రాండ్ గారే తమ పుస్తకంలో వ్రాసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఆ పని వృథా కాలేదు. పుండు పడబోయే చోట చర్మం ముందుగానే వేడెక్కుతుందని కార్విల్‌లో గమనించారు. పాదం స్పర్శను సన్నని నైలాన్ దారంతో పరీక్షించే పద్ధతి కూడా ఆ ఆసుపత్రి పనివల్లే వాడుకలోకి వచ్చింది. పది గ్రాముల ఒత్తిడికి వంగే ఆ దారం ఇప్పుడు మా ఓ.పి. బల్ల మీద ఉంటుంది. కళ్ళు మూసుకున్న రోగికి అది తగిలినట్లు తెలియకపోతే, ఆ పాదానికి కాపలా కావాలి.

ఆ మందమర్రి అమ్మాయి పి.హెచ్‌.డి. చేసింది గుండె చప్పుళ్ళ సంకేతాల మీద. ఇప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. అదే పని కొనసాగించడం ఒకటి. షుగర్ రోగుల పాదాల ఒత్తిడి, వేడి కొలిచే పరికరాల మీదికి మారడం రెండవది. మూడవ దారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దాని జీతం గురించి ఇంట్లో అందరికీ తెలుసు. ఏది మంచిదని నన్నడిగింది. నేను ఇంజనీరును కాను, ఏది ఎంచుకొమ్మని చెప్పలేదు. బ్రాండ్ గారి స్విచ్ కథ చెప్పాను.

అవకాశాలు ఎక్కడున్నాయంటే, మనకు దగ్గర్లో హైదరాబాద్ ఐ.ఐ.టి. ఉంది. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికంగా మొదలై, తరువాత సంగారెడ్డి దగ్గర కందిలో స్థిరపడింది. అక్కడ బయోమెడికల్ ఇంజనీరింగ్‌కు ప్రత్యేక విభాగం ఉంది. వైద్య పరికరాలు కనిపెట్టేవారి కోసం ఒక కేంద్రం కూడా ఉంది. ఎంపికైనవారిని ముందు ఆసుపత్రుల్లోకి పంపి, అక్కడి అవసరాలు చూసి రమ్మంటారు. నాకు ఈ వరుస నచ్చింది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలోనూ ఈ విభాగం ఉంది. కొంచెం దూరం వెళ్ళగలిగితే మద్రాసు ఐ.ఐ.టి., వేలూరు సి.ఎం.సి., శ్రీ చిత్ర కలిసి నడిపే చదువులు, పరిశోధనలు ఉన్నాయి.

చేరే దారులు రెండు రకాలు. ప్రొఫెసర్‌కు ప్రాజెక్టు డబ్బు ఉంటే ఆయనే ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు. అప్పుడు పని ఆయనది. రెండవది, మనమే ఒక ప్రశ్న వ్రాసుకొని, ఒప్పుకున్న ప్రొఫెసర్ పేరుతో జాతీయ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడం. నేషనల్ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ అలాంటిదే. రెండేళ్ళు ఇస్తారు. ముందు ఎస్‌.ఇ.ఆర్‌.బి. చూసేది, 2024లో అది ఎ.ఎన్‌.ఆర్‌.ఎఫ్‌. సంస్థలో కలిసింది. వయస్సు పరిమితి 35 ఏళ్ళుగా ఉంటూ వచ్చింది, స్త్రీలకు, ఎస్‌.సి., ఎస్‌.టి., బి.సి.లకు, వికలాంగులకు అయిదేళ్ళ సడలింపు ఉంటుంది. ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చదువుకోవాలి. మా అమ్మాయికి ముప్పై దాటింది, పెళ్ళి మాట కూడా నడుస్తోంది గనుక ఈ సడలింపు సంగతి ఆ తల్లికి రెండుసార్లు చెప్పాను.

ప్రొఫెసర్‌కు ఉత్తరం వ్రాసేటప్పుడు "ఏ పనైనా చేస్తాను సార్" అని వ్రాయకండి. ఆయన వ్యాసాలు రెండు చదివి, మీకు వచ్చిన ఒక ప్రశ్న వ్రాయండి. ఒక పేజీ చాలు. ఆయన దగ్గర ఇదివరకు చేసినవారు ఇప్పుడెక్కడున్నారో, భృతి నెలనెలా అందుతుందో లేదో మొహమాటపడకుండా అడగండి. రోగులతో పని అయితే ఆ సంస్థకు ఎథిక్స్ కమిటీ ఉందా, అంగీకార పత్రం తెలుగులో ఇస్తారా అని కూడా అడగాలి. వేలిముద్ర వేసేవారికి చదివి వినిపించాలి. ఇది నేను గట్టిగా పట్టుకునే విషయం.

కష్టం కూడా చెప్పాలి. ఇది పర్మనెంటు ఉద్యోగం కాదు. రెండేళ్ళ తరువాత ప్రొఫెసర్ పోస్టు వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు, ఖాళీలు తక్కువ. కొందరు పరికరాల కంపెనీలకు వెళ్తారు. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు వచ్చాక హైదరాబాద్ వైపు ఆ దారి కొంత తెరుచుకుంది. సింగరేణి ఉద్యోగపు భద్రత చూసిన ఇంట్లో ఈ మాట మింగడం సులువు కాదు.

ఆ అమ్మాయి ఇంకా నిర్ణయించుకోలేదు. ఈలోగా మా పాదాల ఓ.పి.లో కొన్ని శనివారాలు కూర్చుంటానన్నది. మొదటి రోజు ఏ యంత్రమూ తేలేదు. నాన్నగారి పాత చెప్పులు తిప్పి చూసి, అరుగుదల ఎక్కడ ఎక్కువగా ఉందో చాక్‌పీసుతో గుర్తు పెట్టింది. అది సరిగ్గా ఆనెకాయ ఉన్నచోటే.

షుగర్ ఉండి కాళ్ళు తిమ్మిరెక్కేవారు శనివారం ఉదయం రండి. కొత్త చెప్పులు వేసుకొని రావద్దు. రోజూ తొడుక్కునేవి, ఎంత అరిగినా సరే, అవే వేసుకొని రండి.