హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: పాతికేళ్లు నిండకుండానే నుదురు పైకి పోతోందా..? క్లినిక్‌కి వెళ్లే ముందు ఈ ఒక్క లెక్క చూసుకోండి!

విశాఖపట్నం: డ్యూటీ దిగి హెల్మెట్ తీస్తే లోపల ప్యాడ్‌కి అంటుకున్న వెంట్రుకలు. దిండు మీద వెంట్రుకలు. బాత్రూమ్ జాలీ నిండా వెంట్రుకలు. ఫోన్ తెరిస్తే చాలు.. ఒక్క రోజులో ఒత్తైన జుట్టు, ఈఎంఐ కూడా ఉందంటూ రీల్స్. కూర్మన్నపాలెం నుంచి స్టీల్ ప్లాంట్ షిఫ్టుకి వెళ్లే కుర్రాడైనా, పోర్టులో పనిచేసే ఉద్యోగైనా, మధురవాడలో ఐటీ కంపెనీలో కొత్తగా చేరినవాడైనా.. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇది చూస్తున్నవాళ్లు తక్కువేం కాదు. సరిగ్గా పెళ్లి సంబంధాలు మొదలయ్యే వయసు కూడా అదే. ఇంట్లో చెప్పుకోలేరు, అద్దంలో చూసుకోలేరు. దాంతో నేరుగా వెళ్లి ఏదో ఒక క్లినిక్‌లో అడ్వాన్స్ కట్టేస్తున్నారు.

ఒక్క నిమిషం ఆగండి. ఆపరేషన్ మంచిదా, చెడ్డదా అన్నది కాదు ఇక్కడ విషయం. తెలిసిన డాక్టర్ చేస్తే, సరైన వ్యక్తికి చేస్తే ఫలితం బాగానే ఉంటుంది. కానీ 22 ఏళ్లకి చేయించుకోవడం, 30 ఏళ్లకి చేయించుకోవడం రెండూ ఒకటి కాదు. క్లినిక్ కౌన్సిలర్లు సాధారణంగా చెప్పని లెక్క ఇదే.

ముందు అసలు జుట్టు ఎందుకు ఊడుతోంది?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. హెల్మెట్ వల్ల బట్టతల వస్తుందన్నది వైజాగ్‌లో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా వినిపించే మాట. అది నిజం కాదు. రాలిపోవాల్సిన వెంట్రుకలు హెల్మెట్ తీసినప్పుడు కంటికి కనిపిస్తాయంతే. చెమట, మురికి పట్టిన ప్యాడ్ వల్ల చుండ్రు, దురద పెరగొచ్చు. దానికి ప్యాడ్ ఉతుక్కుంటే సరిపోతుంది.

మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. మగ హార్మోన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే పదార్థం, దానికి లొంగే స్వభావం ఉన్న వెంట్రుక కుదుళ్లను ఏళ్ల తరబడి చిన్నవి చేసేస్తుంది. వెంట్రుక సన్నబడుతుంది, పొట్టి అవుతుంది, చివరికి కనిపించకుండా పోతుంది. మేనమామకి, అమ్మ వాళ్ల నాన్నకి బట్టతల ఉంటేనే వస్తుందనుకుంటారు. తల్లి నుంచి వచ్చే జన్యువు పాత్ర పెద్దదే. కానీ నాన్న వైపు నుంచి కూడా వస్తుంది. కాబట్టి రెండు వైపులా చూడాలి.

అయితే ఊడే జుట్టంతా ఇదే కాదు. డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా, జిమ్‌లో చేరి ఒక్కసారిగా తిండి మానేసినా అంతే. కారణం సరిచేస్తే ఇందులో చాలావరకు తిరిగి వస్తుంది. గుండ్రంగా నాణెం సైజులో పోయే పేనుకొరుకుడు వేరే జబ్బు. వీటికి ట్రాన్స్‌ప్లాంట్ మందు కాదు. ఇవి తేల్చకుండా ‘మీకు 2,500 గ్రాఫ్ట్‌లు పడతాయి’ అని వాట్సాప్‌లో ఫొటో చూసి చెప్పేవాళ్లని నమ్మక్కర్లేదు.

వెనక ఉన్నదే బ్యాంకు.. అందులో ఉన్నంతే!

ఇప్పుడు అసలు లెక్క. ట్రాన్స్‌ప్లాంట్ అంటే కొత్త జుట్టు పుట్టించడం కాదు. తల వెనక, చెవుల పక్కన ఉన్న కుదుళ్లని తీసి ముందుకి మార్చడం. డీహెచ్‌టీకి ఆ వెనక కుదుళ్లు పెద్దగా లొంగవు. వాటిని ముందుకి మార్చినా ఆ స్వభావం పోదని 1950లలో న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఓరెంట్రైక్ చూపించారు. ఈ సర్జరీ మొత్తం ఆ ఒక్క పాయింట్ మీదే నిలబడింది. అంతకుముందే 1939లో జపాన్ డాక్టర్ షోజీ ఒకుడా కుదుళ్లు మార్చే పద్ధతి గురించి రాశారు. కానీ అది జపాన్ దాటి బయటికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

అంటే మార్చిన జుట్టు చాలావరకు నిలుస్తుంది. మరి దాని వెనకాల, పక్కన సహజంగా ఉన్న జుట్టు సంగతి? అది ఊడటం ఆగదు. సర్జరీ బట్టతలని ఆపదు, ఖాళీ అయిన చోట నింపుతుంది. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే.

22 ఏళ్ల కుర్రాడిని ఊహించుకోండి. నుదురు రెండు వైపులా కొంచెం లోపలికి పోయింది. హీరో ఫొటో చూపించి, హెయిర్ లైన్ కిందకి దించి 2,500 గ్రాఫ్ట్‌లు పెట్టించుకున్నాడు. 23 ఏళ్లకి సూపర్‌గా ఉన్నాడు. 30 వచ్చేసరికి పెట్టించుకున్న గీత వెనకాల సొంత జుట్టు పోయింది. ముందు గట్టులా జుట్టు, వెనక మైదానం. దాన్ని నింపాలంటే మళ్లీ 2,000 కావాలి. 38 వచ్చేసరికి నడినెత్తి ఖాళీ. మళ్లీ కావాలి. కానీ తల వెనక నుంచి జీవితకాలం మొత్తం మీద పలచబడినట్టు కనిపించకుండా తీయగలిగేది చాలామందిలో సుమారు 5,000 నుంచి 6,000 గ్రాఫ్ట్‌లే. కొందరిలో ఇంకా తక్కువ. తీసిన చోట మళ్లీ మొలవదు. మొదట్లోనే సగం ఖర్చు పెట్టేస్తే, అవసరం ఎక్కువైన వయసులో బ్యాంకులో నిల్వ ఉండదు.

ఇంకో చిక్కు. 22 ఏళ్లకి బట్టతల ఎక్కడిదాకా వెళ్తుందో ఎవరూ గీత గీసి చెప్పలేరు. దీనికి డాక్టర్లు వాడే కొలబద్ద ఉంది. 1951లో హామిల్టన్ మొదలుపెట్టి, 1975లో నార్వుడ్ సవరించిన ఏడు దశల పట్టిక. రెండో దశలో ఉన్న కుర్రాడు అక్కడే ఆగొచ్చు, ఏడో దశకి పోవచ్చు. ఏడో దశకి పోయేవాడికి వెనక సురక్షితం అనుకున్న పట్టీ కూడా కిందకి కుంచించుకుపోతుంది. అందుకే 25 ఏళ్లలోపు వాళ్లకి సర్జరీ చేయడానికి అనుభవం ఉన్న డాక్టర్లు వెనకాడతారు. ‘ఇప్పుడొద్దు, ఏడాది చూద్దాం’ అని వెనక్కి పంపిన డాక్టర్ మీద కోపం తెచ్చుకోవద్దు. నిజానికి మీరు తిరిగి వెళ్లాల్సింది ఆయన దగ్గరికే.

మరి ఆ ఏడాది ఏం చేయాలి?

ముందు చర్మవ్యాధుల డాక్టర్‌ని కలవాలి. మహారాణిపేటలోని కేజీహెచ్‌లో కూడా చర్మవ్యాధుల ఓపీ ఉంది. జుట్టు కోసం పెద్దాసుపత్రికా అని మొహమాటపడొద్దు, అవసరమైతే రక్తపరీక్షలు కూడా అక్కడే రాస్తారు.

శాస్త్రీయంగా పనిచేస్తాయని తేలిన మందులు ప్రధానంగా రెండు. ఒకటి తలకి రాసుకునే మినాక్సిడిల్. ఇది మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి జుట్టు మందుగా మార్చారు. 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. భయపడి అక్కడే ఆపేసేవాళ్లు చాలామంది. నాలుగు నుంచి ఆరు నెలలు వాడితేగానీ తేడా తెలియదు. మానేస్తే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది ఫినాస్టరైడ్ మాత్ర. 1997లో అమెరికాలో బట్టతలకి అనుమతి పొందింది. డీహెచ్‌టీని తగ్గిస్తుంది కాబట్టి ఊడటాన్ని ఆపే పని అసలు ఇదే చేస్తుంది. కానీ కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు, డిప్రెషన్ కనిపిస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు కూడా రావొచ్చని 2025లో యూరప్ ఔషధ సంస్థ స్పష్టంగా హెచ్చరించింది. ఫ్రెండ్ వాడుతున్నాడని మెడికల్ షాపులో కొని మింగే మాత్ర కాదిది. మనసు తేడాగా అనిపిస్తే వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పాలి.

మూడు నెలలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, తడి లేని జుట్టుతో నాలుగు వైపులా ఫొటోలు తీసి దాచుకోండి. ఏడాది తర్వాత ఊడటం నిలకడగా ఉందా లేదా అన్నది ఈ ఫొటోలే చెబుతాయి. నిలకడ వచ్చాక, 25 దాటాక, మరీ కిందకి దించని హెయిర్ లైన్‌తో చేయించుకుంటే అప్పుడు సర్జరీకి అర్థం ఉంటుంది. చేయించుకున్నాక కూడా చాలామందికి మందులు కొనసాగుతాయి. జీవితాంతం మందు నా వల్ల కాదు అనుకునేవాళ్లు ఆ విషయం సర్జరీకి ముందే డాక్టర్‌తో తేల్చుకోవాలి.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇవ్వడం మొక్కు, అది భక్తికి సంబంధించింది. చర్మం కింద ఉన్న కుదురు మాత్రం కత్తి తగిలినంత మాత్రాన మారదు. ఇక 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఉప్పల్ భగాయత్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. గుండు గీసి ఏదో ద్రవం రాస్తామంటే వందల మంది క్యూ కట్టారు. బట్టతల మనిషిని ఎంత బాధపెడుతుందో చెప్పడానికి ఆ క్యూ చాలు.

సర్జరీ రోజు ఏం జరుగుతుంది? ఎవరు చేయాలి?

పద్ధతులు రెండు. వెనక నుంచి చర్మం పట్టీ కోసి, అందులోంచి గ్రాఫ్ట్‌లు వేరుచేసే ఎఫ్‌యూటీ. ఒక్కో కుదురునీ చిన్న పంచ్‌తో తీసే ఎఫ్‌యూఈ. మొదటిదానికి గీతలా మచ్చ ఉంటుంది, రెండోదానికి చుక్కలు. మచ్చే ఉండదని చెబితే అది అబద్ధం. ఒక్కో గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. కొన్ని ప్రకటనల్లో వెంట్రుకల లెక్క చెప్పి గ్రాఫ్ట్‌లు అనిపిస్తారు. రేటు అడిగేటప్పుడు ఇది గమనించాలి.

ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. మత్తు తలకి మాత్రమే ఇస్తారు. చిన్న పనే కదా అనిపిస్తుంది. కానీ ఆ మత్తుమందు మోతాదు మనిషి బరువుని బట్టి లెక్కగట్టాలి. ఎక్కువైతే ఫిట్స్ రావొచ్చు, గుండె లయ తప్పొచ్చు. 2016లో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ప్రాణాలు కోల్పోయాడు. ఢిల్లీలో 30 ఏళ్ల యువకుడు 2021లో చనిపోతే కేసు హైకోర్టుకి వెళ్లింది. కాన్పూర్‌లో ఇద్దరు ఇంజినీర్ల మృతి కేసు 2025లో బయటపడింది, క్లినిక్ నడిపిన దంతవైద్యురాలిపై పోలీసులు కేసు పెట్టారు. ఇలాంటివి అరుదే. కానీ తప్పనిసరి కాని సర్జరీలో ప్రాణం పోవడం ఆ కుటుంబాలకి ఎలా ఉంటుంది?

2022 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. యూట్యూబ్‌లోనో, వర్క్‌షాప్‌లోనో చూసినంత మాత్రాన ఈ సర్జరీ చేసే అర్హత రాదని తేల్చి చెప్పింది. ప్లాస్టిక్ సర్జరీలోనో, డెర్మటాలజీలోనో పద్ధతి ప్రకారం శిక్షణ పొందిన డాక్టర్లు చేయాల్సిన పని ఇది. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. కమిషన్ వెబ్‌సైట్‌లోని మెడికల్ రిజిస్టర్‌లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. క్లినిక్‌కి జిల్లా వైద్యారోగ్య శాఖ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందేమో గోడ మీద చూడండి. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: కుదుళ్లు తీసేది, రంధ్రాలు పెట్టేది మీరేనా, టెక్నీషియన్లా? ఏదైనా తేడా వస్తే ఆక్సిజన్, అత్యవసర మందులు ఈ గదిలో ఉన్నాయా అన్నది కూడా మొహమాటం లేకుండా అడగాలి. నసిగితే లేచి వచ్చేయండి.

డబ్బు సంగతికొస్తే.. సౌందర్యం కోసం చేసే సర్జరీలకి ఆరోగ్య బీమా వర్తించదు. వైద్య సేవలకి జీఎస్టీ మినహాయింపు ఉన్నా, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌ని పేరు పెట్టి మరీ అందులోంచి తీసేశారు. గ్రాఫ్ట్ 40 రూపాయలంటే 2,500 గ్రాఫ్ట్‌లకి లక్ష. దాని మీద పన్ను, మందులు, మళ్లీ వచ్చే చెకప్‌లు కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. బిల్లు, సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ, ఎన్ని గ్రాఫ్ట్‌లు పెట్టారన్న రికార్డు తప్పకుండా తీసుకోవాలి. 1995లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వచ్చింది. జిల్లా కమిషన్‌కి వెళ్లాలంటే ఆ కాగితాలే ఆధారం.

సెలవు, షిఫ్టు, ముహూర్తం..

పెట్టిన గ్రాఫ్ట్‌లు గట్టిపడటానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో తలకి ఏదీ రాసుకోకూడదు, గీసుకోకూడదు. స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టు యార్డులోనో పనిచేసేవాళ్లకి అసలు ఇబ్బంది ఇక్కడే. గట్టి హెల్మెట్ లేకుండా లోపలికి పంపరు, బిగుతు హెల్మెట్ తల మీద పెట్టకూడదు. బైక్ మీద వెళ్లాలన్నా అదే సమస్య. ఎన్ని వారాలు ఆగాలో డాక్టర్‌తో రాయించుకుని, సెలవు దొరికాకే తేదీ ఖాయం చేసుకోవాలి. హెల్మెట్ లేకుండా డ్యూటీ చేయడం మాత్రం వద్దు. ఆర్కే బీచ్‌లో స్నానం, స్విమ్మింగ్ పూల్, మండే ఎండ నెల రోజుల దాకా పక్కన పెట్టాలి. జ్వరం, చీము, తగ్గని వాపు, ఊపిరి ఆడకపోవడం ఉంటే క్లినిక్ ఫోన్ ఎత్తేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రెండో వారం నుంచి ఆరో వారం మధ్యలో పెట్టిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. డబ్బు బూడిదైపోయిందని కంగారు పడేది అప్పుడే. కుదురు లోపలే ఉంటుంది. మూడు, నాలుగు నెలలకి మొలవడం మొదలవుతుంది. పూర్తి రూపం రావడానికి ఏడాది పడుతుంది, నడినెత్తికైతే ఏడాదిన్నర కూడా. మాఘమాసంలో పెళ్లి అనుకుంటే, అంతకుముందు మాఘం నాటికే సర్జరీ అయిపోయి ఉండాలి. శ్రావణంలో చేయించుకుంటే పెళ్లి ఫొటోల్లో కనిపించేది సగం మొలిచిన జుట్టే.