మార్లవాయి దంపతులు

మైపాడు మొదలు పులికాటు సరస్సు వరకు సాగు తీరమున యానాదుల గూడెములు నేటికిని అగుపడును. చేపల రాకపోకలు, పాముల జాడలు, వనమూలికల గుణములు ఎరిగినవారు యానాదులు. ఆ తెలివికి బడిలో మార్కులు లేవు. గూడెమునకును బడికిని నడుమ దూరము ఫర్లాంగే కావచ్చును. కాని పిల్లవాడు ఒంటరిగా దాటవలెనన్నచో అది చాల పెద్ద దూరము. ఉపాధ్యాయుడే అవతలి నుండి నడిచి రావలెను. అట్లు నడిచి వచ్చిన విదేశీ దంపతుల కథ ఒకటి తెలుగునాటి ఉత్తరపు కొసన, ఆదిలాబాదు అడవులలో జరిగినది.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించినారు. మానవశాస్త్రము అభ్యసించి, 1936-37లో నాగా కొండలలో పరిశోధన సాగించినారు. 1938లో ఎలిజబెత్ బర్నార్డోను వివాహమాడినారు. ఆమెను అందరును బెట్టీ అని పిలిచెడివారు. 1939లో వారు మన దేశమున ఉండగానే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపడినది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయి ఉండుటచే, బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడైనారు. హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని కట్టడి ఏర్పడినది. మరొకరికి అది చెరయే. ఈ దంపతులకు మాత్రము అదియే విద్యాలయమైనది.

వారు మొదట చెంచులను, పిదప గోదావరి కొండలలోని కొండరెడ్లను, అటుపిమ్మట రాజగోండులను దగ్గరగా చూచినారు. ఆ మూడు జాతులను గూర్చిన గ్రంథములు 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువడినవి. కడపటి రెండింటిపై సహకర్తగా ఎలిజబెత్ పేరు కూడ ఉన్నది. ఆమె భర్త వెంట వచ్చిన ఇల్లాలు మాత్రమే కాదు, పనిలో పాలుపంచుకొన్న పరిశోధకురాలు.

భూమి చేజారిన గోండుల వేదన కొమురం భీం పోరాటమై రగిలినది. 1940లో జోడేఘాట్ వద్ద ఆయన ప్రాణములు కోల్పోయినారు. ఆ అశాంతికి మూలమేమో తెలిసికొనుటకు నిజాం ప్రభుత్వము హైమన్‌డార్ఫును నియోగించినది. దంపతులు మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని గోండుల నడుమ నివసించినారు.

1943లో ఆ ఊరనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము మొదలైనది. ఇంట వినని భాషలో తొలి పాఠము చెప్పినచో పసివానికి బడి పరదేశమే. అందుచే గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దినారు. గోండి వాచకములను దేవనాగరి లిపిలో అచ్చు వేయించినారు.

తరువాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర ఆచార్యులైనారు. గిరిజన వ్యవహారములలో ప్రభుత్వమునకు సలహాదారుగా కూడ ఉన్నారు. నగరమున చెప్పిన శాస్త్రమునకు అడవిలో ఫలితము కనబడినది: 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరములు గిరిజనులకు పట్టాలుగా లభించినవి.

1949లో ఆయన లండను విశ్వవిద్యాలయమున అధ్యాపకత్వము స్వీకరించినారు. నేపాలు మొదలగు దేశములు తిరిగినను ఆ దంపతులు ఆదిలాబాదును మరువలేదు. 1970 తరువాతి సంవత్సరములలో వచ్చి చూడగా, గోండుల భూములు చాల వరకు మరల పరుల పాలైనవి. ఆ సంగతిని 1982లో వెలువడిన గ్రంథమున ఆయన దాచక వ్రాసినారు. పట్టా చేతికి వచ్చినంతనే హక్కు నిలువదు. దానిని చదివి కాపాడుకొనగల తరము కూడ కావలెను. మార్లవాయి బడి ఎందులకో దీనివలన తేటపడును.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూసినారు. గోండులు ఆమెను మార్లవాయిలో సమాధి చేసినారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండనులో మరణించినారు. ఆయన అస్థికలు 2012లో భార్య సమాధి చెంతకు చేరినవి. ఆ గ్రామము నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఉన్నది.

ఇట్టి పనికి వియన్నా నుండియే రానక్కరలేదు. నెల్లూరువారైన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మేలుకై జీవితమంతయు పాటుపడి, 1962లో వారిని గూర్చి గ్రంథము వ్రాసినారు. యానాదులను పుట్టుకతోడనే నేరస్థులుగా ఎంచిన చట్టము రద్దయినది. చట్టము తొలగినను, గూడెమునకును బడికిని నడుమనున్న ఆ ఫర్లాంగు దూరము మిగిలియే ఉన్నది. దానిని నడువవలసినవారు ఉపాధ్యాయులే.