వీసా గడువు సరే, పూచీ ఎవరిది?

ఫిబ్రవరి వచ్చిందంటే పల్నాడు, ప్రకాశం పల్లెల నుంచి టిక్కీలు వేసుకున్న లారీలు గుంటూరు మిర్చి యార్డు ముందు బారులు తీరతాయి. ఆ రోజుల్లోనే అరండల్‌పేట, బ్రాడీపేటల్లోని విదేశీ విద్యా కన్సల్టెన్సీల మెట్లెక్కుతుంటారు ఆ పల్లెల పిల్లలు. పదేళ్ల కిందట వారి మొదటి ప్రశ్న ఏ విశ్వవిద్యాలయం అని. ఇప్పుడు, చదువు ముగిశాక ఎన్నాళ్లు పని చేసుకోనిస్తారు అని. అప్పు చేసి వెళ్లేవారు అడగవలసిన ప్రశ్నే అది.

జవాబు పట్టికలో సిద్ధంగా ఉంటుంది. అమెరికాలో సైన్స్, సాంకేతిక కోర్సులవారికి 12 నెలలు, ఆపై మరో 24. కెనడాలో మాస్టర్స్ చేసినవారికి మూడేళ్లు. బ్రిటన్‌లో రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. జర్మనీలో 18 నెలలు. పెద్ద అంకె ఉన్న దేశాన్ని ఎంచుకోమంటారు. గడువు ఇచ్చేది దేశమే. కానీ ఉద్యోగం దొరికేదాకా గది అద్దె, తిండి, అప్పు వాయిదా మోయవలసింది ఇల్లు. ఆ ఇంటి స్తోమత మన పల్లెల్లో కులాన్ని బట్టి ఉంటుంది. పట్టికలో లేని గడి ఇదే.

అమెరికా సంగతే చూద్దాం. ఓపీటీ అనే పని అనుమతి తొలి ఏడాదిలో విద్యార్థి ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. అదనపు 24 నెలలు పొందినవారికి మరో 60 రోజులు కలుస్తాయి. అవి దాటితే వీసా హోదాకే ముప్పు. ఘనంగా కనిపించే 36 నెలలు ఆ మొదటి తొంభై రోజుల మీద నిలబడి ఉన్నాయి. ఆ రోజుల్లో గదిలో చోటిచ్చి ‘అద్దె తర్వాత చూద్దాంలే’ అనే అన్న ఎవరు? తన కంపెనీలో పేరు సిఫార్సు చేసే సీనియర్ ఎవరు? ఊరి పేరుతో మొదలై, ఇంటిపేరు మీదుగా ‘మనవాళ్లేనా?’ అన్నచోటికి చేరే సంభాషణ డాలస్‌లోనైనా తెలుగులోనే సాగుతుంది. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో హైదరాబాదు, సిడ్నీల్లో తిరిగి 2007లో ప్రచురించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’లో ఈ వ్యవస్థను వివరించారు. కోస్తా పల్లెల వ్యవసాయ మిగులు, కట్నాల సొమ్ము సాఫ్ట్‌వేర్ చదువులుగా మారిన తీరు, పని లేని రోజుల్లో ‘బెంచ్’ మీద కూర్చున్నవారిని బంధుబలగం నిలబెట్టిన తీరు అందులో ఉన్నాయి.

ఆ మిగులుకు చరిత్ర ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల విలువ మారిపోయింది. పత్తి, మిర్చి, పొగాకు పండించిన కమ్మ, రెడ్డి భూస్వామ్య కుటుంబాల ఆదాయం పట్నంలో ఇళ్లుగా, ఇంజనీరింగ్ కాలేజీలుగా, తరువాతి తరానికి విమాన టికెట్లుగా మారింది. వారి పట్టుదలను తక్కువ చేయనక్కర్లేదు. కానీ అదే పొలాల్లో కలుపు తీసి కాయ కోసిన మాల, మాదిగ కుటుంబాలకు దక్కింది కూలి మాత్రమే. ఆత్మగౌరవం కోసం నిలబడినచోట కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండలను చూడవలసి వచ్చింది.

ఇప్పుడు ఒక కౌలు రైతు ఇంటి నుంచి లెక్క వేద్దాం. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి తనఖా కావాలి. తల్లిపేరున ఎకరం ఉన్నా అది అసైన్డ్ భూమి. 1977 నాటి చట్టం దాని బదిలీని నిషేధించింది. 2023లో ఇరవయ్యేళ్లు దాటిన భూములకు హక్కులిస్తూ సవరణ తెచ్చారు, మరుసటి ఏడాది వాటి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. 2019 చట్టం కింద వచ్చే సాగుదారు కార్డుకు భూయజమాని సమ్మతి కావాలి. వచ్చినా దాని ఆయుష్షు 11 నెలలు, అది పంట రుణానికే పనికొస్తుంది. మిగిలింది వడ్డీ వ్యాపారి.

మరి ఈ ఇంటి బిడ్డ ఎటు వెళ్లాలి? నా అభిప్రాయంలో, గడువు చిన్నదైనా అప్పు తక్కువయ్యే చోటికి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో బోధన రుసుము లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. చదివాక 18 నెలల పాటు ఏ పనైనా చేస్తూ తగిన ఉద్యోగం వెతుక్కోవచ్చు. భాష నేర్వకుండా మాత్రం అక్కడ నెగ్గుకురావడం కష్టం. బయల్దేరడానికి ఏడాది ముందే మొదలుపెట్టాలి. అయినా గుమ్మంలోనే ఒక అడ్డంకి ఉంది. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో చూపాలి. యూరోను వంద రూపాయలుగా లెక్కిస్తే దాదాపు 12 లక్షలు. 2025 ఫిబ్రవరిలో ధర కూలినప్పుడు కేంద్రం మిర్చికి ప్రకటించిన మార్కెట్ జోక్యపు ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే నూరు క్వింటాళ్ల పైమాటే. ఎకరాకు ఇరవై పండినా ఐదెకరాల పంట మొత్తం, కౌలూ ఎరువులూ కోత కూలీ తీయకముందు. బ్రిటన్‌కు వెళ్లేవారు ఇంకొకటి చూసుకోవాలి: గడువు తీరాక నైపుణ్య వీసాకు మారాలంటే 2025 జులై నుంచి సాధారణ కనీస వేతనం 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవారికి 33,400.

ఇక్కడే ప్రభుత్వం నిలబడాలి. నిలబడిందా? కేంద్రపు జాతీయ విదేశీ విద్యా ఉపకారవేతనం ఏటా 125 మందికి. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సామాజిక అధ్యయనాలను దాని పరిధి నుంచి తీసేశారు. కులంపై పరిశోధన చేయదలచిన దళిత విద్యార్థికి తలుపు మూశారన్నమాట. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే మంజూరు పత్రాలు అందాయి, మిగతావారిని నిధులుంటే చూస్తామన్నారు. మన రాష్ట్రంలో అంబేద్కర్ పేరున ఉన్న పథకం 2022లో పేరు మారి, 2024లో మళ్లీ పాత పేరుకు వచ్చింది. పేరు మీద జరిగినంత చర్చ షరతుల మీద జరగలేదు. రెండుచోట్లా ప్రపంచ ర్యాంకులే గీటురాయి అయ్యాయి: కేంద్రానికి తొలి 500, రాష్ట్రానికి 2022లో తొలి 200. ఉద్యోగాలకు దగ్గరి దారైన జర్మనీ అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఆ జాబితాల్లోనే కనబడవు. రుసుము తక్కువున్న చోటికి సాయం అందదు, రుసుము కోటి దాకా ఉన్నచోటికి అందుతుంది.

ఈ షరతులు రాసేవారు అంబేద్కర్ జీవితాన్నైనా చూడలేదా అనిపిస్తుంది. 1913లో ఆయన బరోడా సంస్థానపు ఉపకారవేతనంతో కొలంబియాకు వెళ్లారు; చదివాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. 1917లో తిరిగి వచ్చి కొలువులో చేరారు. ఉండడానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకుంటే పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఈ ఉదంతాన్ని ఆయన రాసుకున్న రచన పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’.

కులం వెంట వస్తుందని పరదేశాలూ ఇప్పుడిప్పుడే గుర్తిస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిరస్కరించారు. బ్రిటన్ ప్రభుత్వం ప్రత్యేక చట్టం అవసరం లేదని 2018లో తేల్చింది. అంబేద్కరైట్ సంఘం ఉన్న నగరమా కాదా అన్నది వీసా గడువుతో పాటు అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఉపకారవేతనం పట్టా చేతికొచ్చిన రోజున ఆగిపోకూడదు. ఆ తరువాతి ఆరు నెలలకు జీవనభృతి, తనఖా లేని ఇంటికి ప్రభుత్వమే బ్యాంకుకు పూచీ, ర్యాంకు షరతు బదులు రుసుము, ఉద్యోగావకాశాలను చూసే నిబంధన. దళిత బహుజన విద్యార్థి సంఘాలు రాష్ట్ర బడ్జెట్‌కు ముందే పెట్టవలసిన కోరికలు ఈ మూడు.