ఆ నాలుగు తీగలూ ఆగితే...

దసరా పందిరి ఒకటి ఊహించుకోండి. ఆమదాలవలసలో కావచ్చు, పక్కనే పొందూరులో కావచ్చు. స్టేజీ మీద కుర్రాళ్ల ఆర్కెస్ట్రా. గాయకుడి చొక్కా తళతళ మెరుస్తోంది. కీబోర్డు మీద వేళ్లు పరుగులు పెడుతున్నాయి. డ్రమ్స్ వాయించే అబ్బాయి పుల్లల్ని గాల్లోకి ఎగరేసి పట్టుకుంటున్నాడు. జనం చేతుల్లోని ఫోన్లన్నీ వాళ్లవైపే! వెనకాల, డ్రమ్స్‌ను ఆనుకుని ఇంకొకడు నిలబడి ఉన్నాడు. పొడుగాటి గిటారు మెడలో వేసుకుని, ఎటూ చూడకుండా నెమ్మదిగా తలాడిస్తున్నాడు. అతనేం వాయిస్తున్నాడో ముందు వరసలోవాళ్లు కూడా చెప్పలేరు. ఇంతలో ఎవరి కాలో తగిలి అతని వైరు ఊడిపోయింది. పాట ఆగలేదు. కానీ ఏదో అయింది. తొడ మీద తాళం వేస్తున్న తాతగారి చెయ్యి ఠక్కున ఆగిపోయింది. ఎందుకాగిందో ఆయనకీ తెలీదు!

అదీ బేస్ గిటార్ సంగతి. ఉన్నంతసేపూ వినపడినట్టుండదు. లేకపోతే మాత్రం పాట కింద నేల జారిపోతుంది.

గిటారే... కానీ రెండు తీగలు తక్కువ!

కొడుకు ముచ్చటపడి కొనుక్కుంటానన్నప్పుడు నాన్న అడిగే మొదటి ప్రశ్న ఇదే: ‘ఆరు తీగలది ఉండగా నాలుగు తీగలదెందుకురా?’ న్యాయమైన ప్రశ్నే. మామూలు గిటారులో మందంగా ఉండే పై నాలుగు తీగలే ఇవి. కాకపోతే స్థాయి ఒకటి తక్కువ. మన హార్మోనిస్టుల లెక్కలో చెప్పాలంటే వరసగా మూడు, ఆరు, రెండు, ఐదు శృతులు. ఒక తీగను షడ్జమం అనుకుంటే దాని కింది తీగ శుద్ధ మధ్యమం. అదే కింది తీగ మీద రెండు మెట్లు ముందుకెళ్తే పంచమం. సంగీతం కాస్త తెలిసిన ఇంట్లో పిల్లాడికి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, వారంలో సగం పాటలకు ఆధారం పట్టేస్తాడు.

అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. ఫోనుకుండే బుల్లి స్పీకరు దాన్ని పలికించలేదు. ‘పాటలో బేస్ ఎక్కడుందండీ, నాకు వినపడదే’ అనేవాళ్లలో చాలామంది ఫోన్లో వింటున్నవాళ్లే. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినమనండి.

ఏం వినాలి? వెతుక్కోనక్కర్లేదు. ‘అభినందన’ (1988), ‘గీతాంజలి’ (1989)... ఇళయరాజా పాటలున్న ఏ పాత క్యాసెట్టయినా సరే. ఆయన ఒక్కో వాద్యానికీ స్వరాలు విడివిడిగా రాసిచ్చే మనిషి. స్వతహాగా గిటారిస్టు కూడా. అందుకే ఆయన పాటల్లో బేస్ ఊరికే ఉండదు. గాయకుడు ఒక మాట అంటే కింద నుంచి ఇంకోమాట అంటుంది. దశాబ్దాలపాటు ఆయన బృందంలో ఆ తీగలు మీటింది శశిధరన్. ఆ పాటలు నోటికొచ్చినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఈ పేరు తెలిసినవాళ్లో? రెహమాన్ బృందంలో కీత్ పీటర్స్‌దీ అదే పరిస్థితి. ముంబై అమ్మాయి మోహినీ డే వచ్చాకే బేస్ వాయించేవాళ్లను కూడా జనం పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారనిపిస్తుంది.

మన జముకు ఏం చేస్తోంది మరి?

నిజానికి ఉత్తరాంధ్రకు ఈ శబ్దం కొత్తేం కాదు. జముకుల కథ చూసినవాళ్లకు తెలుస్తుంది. ఒకవైపు తోలు బిగించిన గొట్టంలాంటి వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, తోలు మధ్య నుంచి వచ్చిన తీగను లాగిపట్టి మీటుతారు. బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందకి. కథ చెప్పే గొంతు కింద అదలా జుంయ్‌మంటూ నడుస్తూనే ఉంటుంది. తాళమూ అదే, శృతీ అదే. బేస్ గిటార్ చేసే పనీ సరిగ్గా అదే కదా!

‘పరాయి వాద్యం మనకెందుకు’ అనే పెద్దలకూ ఈ పక్కనే జవాబుంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అక్కడ నేర్పింది వయొలిన్. అదెక్కడి నుంచి వచ్చింది? పాలకొల్లు శ్రీనివాస్ కర్ణాటక కచేరీల్లో పలికించింది ఎలక్ట్రిక్ మాండలిన్. జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు వేయించుకుని మరీ వాయించాడాయన. వాద్యం ఎక్కడిదన్నది కాదు, చేతికి ఎలా అమరిందన్నది లెక్క.

మిగిలిపోయినవాడికి బేస్!

ఔత్సాహిక బ్యాండుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ముగ్గురు గిటారిస్టులుంటే, అందరికన్నా మెతకవాడికి బేస్ అంటగడతారు. ఇది మన దగ్గరే కాదు. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో బీటిల్స్ బేసిస్టు బృందం వదిలేస్తే ఆ బాధ్యత పాల్ మెకార్ట్‌నీ నెత్తిన పడింది. ఆయనది ఎడమచేతి వాటం. అందుకని తిరగేసి పట్టుకున్నా వికారంగా కనపడని, వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ గిటారు కొనుక్కున్నాడు. అందులో చవకది కావడం ఇంకో కారణం! 1972లో దొంగతనానికి గురైన ఆ గిటారు ఆయన చేతికి మళ్లీ చేరినట్టు 2024లో లోకానికి తెలిసింది. యాభై ఏళ్లకు పైగా వెతికించుకున్న చవక గిటారన్నమాట.

మన ఆర్కెస్ట్రాల్లో బేస్ ప్లేయరుకు ఇంకో గండం కూడా ఉంది. డబ్బులు చాలకపోతే ముందు తీసేసేది అతన్నే. ‘కీబోర్డు ఎడమచేత్తో వాయించేస్తాడులే’ అంటారు. స్వరాలు వస్తాయి, నిజమే. కానీ తీగను ఎప్పుడు పట్టి ఆపాలో, ఎక్కడ రవంత జారనివ్వాలో ఆ ఎడమచేతికి తీరికుండదు. చర్చి క్వాయర్లు ఈ విషయంలో నయం. అక్కడ బేస్ కుర్రాడికి ప్రతి ఆదివారం పని ఉంటుంది, అందుకే చేయి తిరుగుతుంది.

డబ్బంతా గిటారుకే పోస్తే...

సరే, కొనాలనుకున్నారు. పెద్ద దుకాణాల కోసం విశాఖ వెళ్లడం మంచిది. చేత్తో పట్టుకోకుండా, ఫొటో చూసి మాత్రం కొనకండి. మెట్ల భాగం మామూలు గిటారు కన్నా బాగా పొడుగు. తీగ పొడవే 34 అంగుళాలు. బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది. కూర్చుని కాదు, పట్టీ వేసుకుని పది నిమిషాలు నిలబడి చూడాలి. చేతులు వదిలేస్తే మెడ కిందకి వాలిపోతోందా? పక్కన పెట్టేయండి. చిన్న చేతులవాళ్లకు 30 అంగుళాలవి కూడా ఉంటాయి. మెకార్ట్‌నీది అలాంటిదే. పన్నెండో మెట్టు మీద నొక్కి మీటితే, ఖాళీ తీగ స్వరమే ఒక స్థాయి పైన సరిగ్గా పలకాలి. సెకండ్ హ్యాండ్‌దైతే గుండీలు తిప్పి గరగరలాడుతుందేమో వినండి.

యమహా, ఐబనేజ్, కోర్ట్, స్క్వయర్... మొదటి గిటారుకి వీటిలో ఏదైనా ఫర్వాలేదు. పేరు కన్నా పికప్ ముఖ్యం. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ‘ప్రెసిషన్’ బేస్‌కు 1957లో రెండు ముక్కల పికప్ పెట్టారు. ఒక ముక్కలో పుట్టే కరెంటు రొదను రెండోది కొట్టేస్తుంది. సీరియల్ సెట్లు, రంగుల లైట్ల మధ్య వాయించే మన పందిళ్లకి నన్నడిగితే అదే సరైనది. ‘జాజ్’ రకంలో రెండు పికప్‌లనూ సమానంగా పెంచితేనే రొద తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే రకమైతే వైరు గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అవగానే పీకేయాలి. అయిదు తీగల మోజు ఇప్పుడే వద్దు.

తీగల విషయంలో కంగారు పడకండి. అమెరికాలో మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట. మీటేదీ ఒక్క వేలితోనే! అయితే మన కోస్తా చెమ్మకు తీగలు తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం ఒక్కటే మందు.

అసలు పొరపాటు ఇక్కడ కాదు. ఉన్న డబ్బంతా గిటారుకి పోసేసి, దాన్ని స్నేహితుడి గిటారు యాంప్‌కి తగిలించడం. ఆ స్పీకరు ఈ బరువు మోయలేదు. గట్టిగా పెంచితే చిరిగిపోతుంది. నూరు రూపాయల్లో అరవై గిటారుకి, మిగతా నలభై యాంప్, వైరు, ట్యూనర్లకి ఉంచుకోండి. ఇంట్లో సాధనకి ఇరవై వాట్లు చాలు. డ్రమ్స్‌తో కలిసి వాయించాలంటే నూరు వాట్లయినా కావాలి. అంత పెట్టలేకపోతే డీఐ బాక్సు అనే చిన్న డబ్బా ఒకటి కొనుక్కోండి. దాంతో గిటారును నేరుగా మైకుసెట్టువాళ్ల మిక్సర్‌కి కలిపేయొచ్చు. వాళ్ల పెద్ద బాక్సులు ఉండనే ఉన్నాయి.

మూడో పిన్ను విరిచేయకండి!

ఇది మాత్రం అమ్మానాన్నలు కూడా చదవాలి. ఎలక్ట్రిక్ గిటారు తీగలు యాంప్ ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు మీది జాలీ మిక్సర్ ఎర్తుకు కలిసి ఉంటుంది. యాంప్‌కి ఒకచోట నుంచీ, మిక్సర్‌కి ఇంకోచోట నుంచీ కరెంటు లాగి, ఒకదానికి ఎర్తు లేకపోతే? తీగల మీద చేతులుంచి, కోరస్ కోసం మైకుకు పెదవి ఆనించినవాడి ఒంట్లోంచే కరెంటు పోతుంది. 1972 మేలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారిస్టు ఎర్తు లేని మైకును ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు.

సాకెట్‌లో పట్టడంలేదని మూడో పిన్ను విరిచేయడం మన దగ్గర మామూలే. అది చేయొద్దు. స్టేజీ మీది సామానంతటికీ ఒకే బోర్డు నుంచి, ఎర్తుతో సహా కరెంటు తీసుకోమనండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిన బోర్డయితే మరీ మంచిది. వాయించేముందు మైకు జాలీకి టెస్టర్ ఆనించి చూడండి. వెలిగిందా, ఎవరేమన్నా ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పాట లేదు. వెలగనంత మాత్రాన ఎర్తు బాగున్నట్టూ కాదు. గిటారు తీగలు ముట్టుకోగానే రొద పెరిగినా, పెదవికి చిన్న చురుకు తగిలినా వెంటనే వదిలేసి పక్కకి రావాలి.

ఇక మిగిలింది ప్రయాణం. సంచీతో కలిపి బేస్ గిటారు నాలుగడుగుల పొడవుంటుంది. పండగ రద్దీలో బస్సు టాపు మీద పడేయకండి. విశాఖ నుంచి తెచ్చుకునేటప్పుడు రైలే నయం, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే కదా. పై బెర్తు మీద పడుకోబెట్టి, మెడ గోడవైపు ఉండేలా చూసుకోండి. ‘ఏం బాబూ, వీణా అది?’ అని ఎదుటి సీట్లో పెద్దాయన అడుగుతాడు. పొందూరు దాటేలోపు సమాధానం చెప్పేయండి.